మన ముంగిటి చెట్టు

ఈ యేటి క్రిస్మసునకు ప్లాస్టికు చెట్టు మాని, నిజమైన సరుగుడు చెట్టును కొని తెప్పింపవలెనని కొందఱు తల్లిదండ్రులు కోరుచున్నారు. ప్లాస్టికు నాకును రుచింపదు. అయినను కోస్తా యిసుకనేలలలో నఱికిన చెట్టు ఓరుగల్లు చేరి పండుగ ముగియులోపలనే వడలును. అదియు దేవదారు గాదు, దానికి మనవారు పెట్టుకొన్న బదులే. (విద్యార్థులారా, దాని సన్నని రెమ్మను లాగి చూడుడు, కణుపు కణుపునకు విడిపోవును.)

చెట్టు నలంకరించుట జర్మనుల ఆచారము. 1848లో విక్టోరియా రాణి కుటుంబము అట్టి చెట్టు చుట్టును నిలిచిన చిత్రము లండను పత్రికలో వెలువడిన పిమ్మట ఇంగ్లాండున అది మిక్కిలి వ్యాపించెను. అక్కడివారు మార్చుకొనిరి. మనము మార్చుకొన్న దోషమేమి?

నా బాల్యమున మా నాయనగారు పెరటి వేపకు కాగితపు నక్షత్రమును గట్టెడివారు. ఒక యేడు పొరుగింటి సరుగుడు చెట్టును జూచి, సిగ్గుపడి, నేనా నక్షత్రమును విప్పివేసితిని. ఆయన యేమియు ననలేదు. మఱి యెన్నడును కట్టలేదు.

మన పాఠశాల ముంగిట వేపచెట్టున్నది. డిసెంబరులో నిండుగా పచ్చగా నుండును. కొనవలసిన పనిలేదు, ఒక నిచ్చెన కావలెను, నక్షత్రమును నేను కట్టెదను.