సంచీలో నిద్రపోతున్న అల్లిక

ఈసారి పాఠం లేదు, పండుగ వంట కూడా లేదు. ఈసారి పోట్లాడటానికి వచ్చాను.

సగం అల్లినదాన్ని సంచీలో కుక్కి, కొత్త ఊలు ఉండ తీసి కొత్తది మొదలుపెట్టే వాళ్ళతో నా పోట్లాట. వాళ్ళలో మొదటిదాన్ని నేనే. అందుకని కొంచెం గట్టిగా తిట్టినా ఏమీ అనుకోకండి.

పోయిన ఏడాది నేను నేర్చుకున్న మాటల్లో ఒకటి ఆరంభశూరత్వం. మొదలుపెట్టేటప్పుడు శూరుడు, తర్వాత మనిషి కనిపించడు. మొదటిసారి చదివినప్పుడు నవ్వాను. తర్వాత మా ఇంటి అల్మరా గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. ఇంగ్లీషులో అల్లేవాళ్ళు దీన్ని స్టార్టైటిస్ అంటారు, జబ్బు పేరు లాగా. జబ్బు అంటే మన తప్పు కాదు కదా, జలుబు లాగా వస్తుంది, పోతుంది. తెలుగు మాటలో ఆ వెసులుబాటు లేదు. అది మనిషినే పట్టుకుంటుంది. అందుకే నాకు నచ్చింది.

నేను ఉండేది డర్బన్‌లో. ఇక్కడ చలి పేరుకే. కానీ లోపలికి, డ్రాకెన్స్‌బర్గ్ కొండల వైపు వెళ్తే జూలై రాత్రులు గడ్డకట్టే చలి. మా గుడిలో కొంతమంది ఆడవాళ్ళం శనివారం భజన అయ్యాక హాల్లో కూర్చుని ఆ వైపు పిల్లల కోసం దుప్పట్లు అల్లుతాం. ఒక్కొక్కరూ చిన్న చదరాలు అల్లుతారు, 20 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు. అలాంటివి 35 కలిపి కుడితే ఒక దుప్పటి. జూలై 18న, మండేలా పుట్టినరోజున, తీసుకెళ్ళి ఇస్తాం. ఆ రోజు ఎవరైనా 67 నిమిషాలు ఇంకొకరి కోసం పని చేయాలని ఇక్కడ చెప్తారు. ఆయన ప్రజల కోసం పని చేసిన 67 ఏళ్ళకు గుర్తుగా. 2013 డిసెంబరులో 67 బ్లాంకెట్స్ అనే ఉద్యమం మొదలైన తర్వాత సూదులు ఎప్పుడూ పట్టనివాళ్ళు కూడా పట్టారు. మేమూ ఆ గాలిలో మొదలుపెట్టినవాళ్ళమే.

చదరం అల్లడం సరదా పని. ఒక సాయంత్రంలో అయిపోతుంది, రేపు ఇంకో రంగు. కుట్టడం సరదా కాదు. 35 చదరాలను అయిదు వరసలు, ఏడు నిలువులుగా పేర్చండి. కలపాల్సిన అంచులు ఎన్నో లెక్కపెట్టండి. నేను పెట్టాను: 58. ఒక్కో అంచు 20 సెంటీమీటర్లు అంటే ఒక్క దుప్పటికి పదకొండున్నర మీటర్ల కుట్టు. అంతా మొద్దు సూదితో, చేత్తో. ఆ పని ఎవరూ అడిగి తీసుకోరు. నేను తీసుకున్నాను. "చదరాలన్నీ నాకు ఇవ్వండి, ఇంట్లో కుడతాను" అని అందరి ముందు అన్నాను.

రెండు చలికాలాల కిందటి మాట ఇది. మే నెలలో ఊలు కొట్టుకు వెళ్ళాను, తెల్ల దారం కొనడానికి. అక్కడ నెమలి మెడ రంగులో సన్నటి ఊలు ఉంది. ముట్టుకున్నాను. తప్పు అక్కడే జరిగింది. ఆ రాత్రే ఒక శాలువాకి కుట్లు ఎక్కించాను, లేసు అల్లిక, చాలా అందమైన నమూనా. చదరాల సంచీ అల్మరాలోకి పోయింది. "కొన్ని రోజులే" అనుకున్నాను.

జూలై 18న కొండ దగ్గరి ఒక చిన్న పిల్లల బడికి వెళ్ళాం. పిల్లలు ఇరవైమంది. దుప్పట్లు 11. టీచర్ లెక్కపెట్టింది, మళ్ళీ లెక్కపెట్టింది, ఏమీ అనలేదు. పిల్లల చేతికి ఒక్కటి కూడా ఇవ్వలేదు. అన్నీ మడిచి బీరువాలో పెట్టింది. మధ్యాహ్నం పడుకునేటప్పుడు ఇద్దరికి ఒకటి కప్పుతానని చెప్పింది. అంటే రాత్రి ఇంటికి తీసుకెళ్ళడానికి ఎవరికీ లేదు. తిరిగి వస్తుంటే వ్యానులో ఎవరో "ఈసారి చదరాలు తక్కువ వచ్చాయేమో" అన్నారు. నేను "అవును, తక్కువే వచ్చాయి" అన్నాను.

ఇంటికి వచ్చి సంచీ మంచం మీద బోర్లించాను. 281 చదరాలు. ఎనిమిది దుప్పట్లు, ఒక చదరం మిగులు. ఒక్క దుప్పటి ఎక్కడో కొని కలిపితే ఇరవై అయ్యేవి. శాలువా? అది కూడా పూర్తి కాలేదు. మూడో వంతు దగ్గర, వేరే ఊలు చూసి, దాన్నీ వదిలేశాను.

ఈ కథ మా గుంపులో ఒక అమ్మాయికి చెప్పాను. మంచి పిల్ల, నాకన్నా బాగా అల్లుతుంది. "ఆంటీ, ఇది హాబీ. హాబీలో అప్పులు ఉండవు. సంతోషం ఇచ్చేది అల్లండి, ఇవ్వనిది పక్కన పెట్టండి" అంది. ఈ మాట ఇప్పుడు అందరూ అంటున్నారు. సగం నిజం కాబట్టే దీనికి జవాబు చెప్పడం కష్టం. మీ కోసం అల్లుకునే మఫ్లర్‌ని మీరు వదిలేస్తే నాకేం పని? కానీ అల్లికలో ఎక్కువ భాగం ఎవరి కోసమో అల్లేది. మనవడి జెర్సీ, చెల్లెలి శాలువా, ఎవరో పిల్లవాడి దుప్పటి. సూది మీద మొదటి వరస ఎక్కించేటప్పుడే ఆ మనిషి పేరు మనసులో ఉంటుంది. చాలాసార్లు నోటితో కూడా చెప్పేస్తాం, "నీకోసం ఒకటి అల్లుతున్నా" అని. అప్పు కాకపోతే అది మరేమిటి?

ఇంకో వైపు నుంచి కూడా దెబ్బ పడింది. మా గుడిలో తెలుగు బాగా వచ్చిన ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన నాకు భర్తృహరి చెప్పిన ముగ్గురి సంగతి వినిపించారు. ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసిన పద్యం అది, మీలో కొందరు నేర్చుకునే ఉంటారు. ఆటంకాలు వస్తాయని భయపడి అసలు మొదలే పెట్టనివాళ్ళు ఒకరకం. మొదలుపెట్టి ఆటంకం రాగానే ఆగిపోయేవాళ్ళు ఇంకోరకం. ఎన్ని ఆటంకాలు వచ్చినా వదలనివాళ్ళు మూడోరకం. "మీరు రెండోరకం అమ్మా" అన్నారు నవ్వుతూ.

ఆయన అంటే నాకు గౌరవం. కానీ ఒప్పుకోను. నాకు ఏ ఆటంకం వచ్చింది? చెయ్యి విరగలేదు, ఊలు అయిపోలేదు, ఇంట్లో ఎవరికీ జబ్బు చేయలేదు. నెమలి రంగు కనిపించింది, అంతే. ఆ పద్యంలో నాలుగో మనిషి లేడు: ఏ అడ్డమూ లేకుండా, సంతోషంగా, మధ్యలో లేచి ఇంకోటి మొదలుపెట్టేవాడు. పాపం ఆ కాలంలో ఊలు కొట్లు లేవు.

పైగా, మొదలుపెట్టిన ప్రతిదీ పూర్తి చేసి తీరాలనే వాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. కొలత తప్పిన జెర్సీని మూడేళ్ళు ఏడుస్తూ అల్లి, ఎవరూ వేసుకోని దాన్ని మడిచి పెట్టడం గొప్ప సంగతి అని నేను అనుకోను. వదిలేయడం తప్పు కాదు. వదిలేసి, వదల్లేదని చెప్పుకోవడం తప్పు.

రావెల్రీ అని అల్లేవాళ్ళ సైటు ఒకటి ఉంది, 2007 నుంచి. అందులో మన అల్లిక ఏ స్థితిలో ఉందో గుర్తు పెట్టుకోవచ్చు. జరుగుతోంది, పూర్తయింది, విప్పేశాను, ఇవి కాక ఇంకొకటి: హైబర్నేటింగ్. అంటే ఎలుగుబంటి లాగా చలికాలం నిద్ర. ఎంత ముద్దు మాటో చూడండి! ఎలుగుబంటి వసంతం రాగానే లేస్తుంది. మా అల్మరాలో ఏదీ లేవలేదు.

నిద్ర అంటే అక్కడ ఏమీ జరగడం లేదని కదా అర్థం. కానీ సంచీలో చాలా జరుగుతుంది. అసలు ఊలు అయితే పురుగు తింటుంది. ఆక్రిలిక్‌ని తినదు, నిజమే. కానీ రంగు సంగతి? ఊలుకి రంగు ఒక్కో విడతగా వేస్తారు, లేబుల్ మీద ఆ విడత నంబరు ఉంటుంది. రెండేళ్ళ తర్వాత అదే కంపెనీ, అదే రంగు పేరుతో ఇంకో ఉండ కొంటే ఎండలో తేడా కనిపిస్తుంది, చెయ్యి ఒక రంగు, వీపు ఒక రంగు. సూదుల మీద ఎక్కువ రోజులు ఆగిన వరస సాగి గీత పడుతుంది. సూది ఏ సైజో మర్చిపోతాం, ఎందుకంటే కొత్తదానికి కావాలని ఆ సూదులే లాగేసి ఉంటాం. మన చెయ్యి కూడా మారుతుంది. అప్పుడు బిగువుగా అల్లాం, ఇప్పుడు వదులుగా వస్తుంది. ఇక ఆ జెర్సీ ఎవరికోసమో ఆ పిల్లవాడు సంచీలో నిద్రపోడు. పెరుగుతాడు. నా మనవడికి మొదలుపెట్టిన జెర్సీ ఇప్పుడు వాడి మోచేతి దాకా వస్తుంది.

మా అవ్వకి ఈ బాధ లేదు. ఆమె తండ్రి మద్రాసు నుంచి ఓడలో చెరుకు తోటల పనికి వచ్చినవాడు. నా చిన్నప్పుడు ఆమె చర్చిల పాత బట్టల అమ్మకంలో పెద్దవాళ్ళ జెర్సీలు కొనేది, వేసుకోవడానికి కాదు, విప్పడానికి. అల్లిక అంటే మామూలుగా ఒకే దారం అటూ ఇటూ తిరగడం. సరైన కొస దొరికితే చాలు, వరస వెనక వరస లాగితే వచ్చేస్తుంది. నేసిన బట్ట అలా రాదు, కత్తిరించిన గుడ్డ అసలే రాదు. ఆమె కుర్చీ వీపుకి దారం చుట్టేది, నాలుగుచోట్ల వదులుగా కట్టేది, తడిపి, కింద జాము సీసా బరువు కట్టి వేలాడదీసేది. ఆరేసరికి వంకర్లు పోయి దారం మళ్ళీ దారం అయ్యేది. నేను స్కూల్లో ఇంగ్లీషులో అల్లిక నేర్చుకుని వచ్చి సగం చేసి పారేస్తే, తెలుగులో తిట్టేది. నేను ఇంగ్లీషులో జవాబు చెప్పేదాన్ని. ఆమె ఏమని తిట్టేదో నాకు అరవై దాటాక అర్థమవుతోంది.

విప్పడాన్ని ఇంగ్లీషు అల్లికవాళ్ళు ఫ్రాగింగ్ అంటారు, కప్ప పని అని. విప్పు, విప్పు అనే 'రిప్ ఇట్, రిప్ ఇట్' వాళ్ళకు కప్ప అరుపులా వినిపిస్తుంది. మన కప్ప బెకబెక అంటుంది కాబట్టి ఆ హాస్యం మనకు పనికిరాదు. మన 'విప్పు'లో కప్ప లేదు కానీ ముడి విప్పడం ఉంది, నోరు విప్పడం ఉంది.

కాబట్టి మా గుంపులో నేను అడుగుతున్నది ఇది, మీలో అల్లేవాళ్ళుంటే మిమ్మల్నీ అడుగుతున్నాను. కొత్తదానికి కుట్లు ఎక్కించే ముందు పాతది బయటికి తీయండి. అల్లుతారా, అల్లండి. అల్లరా, ఈ రోజే విప్పండి, లేదా సూదులతో సహా ఇంకొకరికి ఇచ్చి "నా వల్ల కాలేదు" అని చెప్పండి. ఎవరికి మాట ఇచ్చారో వాళ్ళకు కూడా చెప్పండి. ఇది అన్నిటికన్నా కష్టం. నేను రెండేళ్ళు చెప్పలేకపోయాను.

(నా దగ్గర నాలుగు తెలుగు వాచకాలు ఉన్నాయి. నాలుగింటిలోనూ అచ్చుల పేజీలు నలిగాయి. నాలుగింటిలోనూ వత్తుల పాఠం నుంచి కాగితం కొత్తగా ఉంది. ఈ సంగతి ఇక్కడ పొడిగించను, మీకు అర్థమైంది.)

పోయిన శనివారం హాల్లో చెప్పేశాను. చదరాలు తక్కువ రాలేదని, నా అల్మరాలో ఉన్నాయని. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆ హాబీ అమ్మాయే "ఎన్ని ఉన్నాయి ఆంటీ?" అంది. 281 అని చెప్తే కొందరు నవ్వారు, ఒకావిడ నవ్వలేదు. ఆమె ఇంకా కోపంగానే ఉంది, ఉండనివ్వండి. ఆమె ఆ చలికాలం చేతి నొప్పితో నలభై చదరాలు అల్లింది.

శాలువా విప్పాను. లేసు కాబట్టి రెండు సాయంత్రాలు పట్టింది, మధ్యలో ఒకచోట చిక్కుపడింది. నెమలి రంగు దారం ఇప్పుడు బాత్రూమ్‌లో వేలాడుతోంది, కింద ఊరగాయ సీసా కట్టాను. ఇంకా తడిగానే ఉంది. ఈ శనివారం నుంచి అందరం కూర్చుని కుడతాం. మొద్దు సూదులు నా దగ్గర ఆరు ఉన్నాయి, ఇంకో ఆరు కొనాలి. కొట్టుకు మా ఆయన్ని పంపిస్తున్నాను.