బొంతంటే అంత చిన్నచూపా?

మొన్న పెళ్ళిపిలుపుకి వచ్చినావిడ మా మంచంమీద పరిచిన బొంతని చూసి మూతి ముడిచింది. "ఇంకా యీ బొంతలేమిటండీ, హాయిగా ఓ కంఫర్టర్ కొనుక్కోక!" అంది. రెండు నెలలక్రితం ఎగ్జిబిషన్‌లో "పాచ్‌వర్క్ క్విల్ట్" అంటే ఆరువేలు పోసి కొని, వచ్చినవాళ్ళకల్లా చూపించి మురిసిపోయింది కూడా ఈవిడే. అదేమిటనుకున్నారు? ముక్కలు అతికిన బొంతే! పేరు ఇంగ్లీషులో వుంటే కళా, తెలుగులో వుంటే దరిద్రమూనా?

ఆవిణ్ణని ఏం లాభం లెండి. ఒకప్పుడు నేనూ అంతే. మా అత్తగారు తన పాత నేతచీరలు పొరలుగా పరిచి, మధ్యాహ్నాలు వసారాలో కూర్చుని మూడు నెలలపాటు కుట్టిన బొంత ఒకటుండేది. ఆవిడ పోయిన ఏడాదికి దాన్ని స్టీలు సామాన్లవాడికి వేసి గిన్నె పుచ్చుకున్నాను. "మంచి బేరం చేశావోయ్" అన్నారు మావారు. ఆ గిన్నె యిప్పటికీ వుంది. బొంతే లేదు.

అమెరికాలో వున్న మా అమ్మాయి పంపిన పుస్తకం చూశాకగాని నాకు కళ్ళు తెరుచుకోలేదు. అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అని ఒక పల్లె. ఒకప్పుడు బానిసలుగా బతికిన నల్లవారి సంతతి అక్కడిది. పొలంపనుల్లో చిరిగిపోయిన ప్యాంట్లు, చొక్కాలు కత్తిరించి, చలికి కప్పుకోడానికి ఆ ఆడవాళ్ళు బొంతలు కుట్టుకున్నారు. 2002లో ఆ బొంతల్నే హ్యూస్టన్‌లోనూ, న్యూయార్కులోనూ మ్యూజియం గోడలకి తగిలించారు. 2006లో తపాలా బిళ్ళలమీద వేశారు. అంతదూరం ఎందుకు, పాత చీరలూ పంచెలూ పొరలుగా కుట్టిన కాంతాని బెంగాలీలు ఎంత గర్వంగా చెప్పుకుంటారో చూడండి. మనమో? స్టీలు గిన్నె!

ఇక రెండోరకం వాళ్ళున్నారు. నేను పశ్చాత్తాపపడి బొంత మొదలుపెడితే, "మిషన్‌మీద కుట్టేది బొంతటే? గలీబు!" అంది మా పెద్దమ్మ. నేను కుడుతున్నది తొమ్మిది గళ్ళ బ్లాకు. అమెరికాలో అమ్మమ్మల నాటిదే. పూర్వం తొమ్మిది ముక్కలూ విడివిడిగా కత్తిరించి అతికేవారు. ఇప్పుడు మూడున్నర అంగుళాల వెడల్పున పొడుగుపాటి పట్టీలు కోసి, మూడేసి కలిపి కుట్టి, మళ్ళీ మూడున్నరకొకటి చొప్పున అడ్డంగా కోస్తారు. ఆ వరసలు మూడు జతచేస్తే గళ్ళు వాటంతటవే వస్తాయి. ప్రతి పక్కా పావంగుళం కుట్టులో పోయి గడి మూడంగుళాలకి, మొత్తం బ్లాకు తొమ్మిదంగుళాలకి తేలుతుంది. 1979లో ఓల్ఫా అనే జపాన్ కంపెనీ తెచ్చిన చక్రంకత్తితో నాలుగు పొరల బట్ట ఒక్క లాగుకి తెగుతుంది.

ఇందులో మోసమేముంది? రంగులు ఎంచేదెవరు? పావంగుళం తప్పితే మూలలు కలవక, విప్పుకుని ఏడ్చేదెవరు? మా అత్తగారు చేత్తో కుట్టింది వ్రతం పట్టి కాదు, ఇంట్లో మిషను లేక. రుబ్బురోలు వదిలి గ్రైండరు కొన్న మా పెద్దమ్మ ఇడ్లీని ఇడ్లీ కాదంటుందా?

చేత్తోనే కుట్టండి, మిషన్‌మీదే కుట్టండి, మీ యిష్టం. కుట్టినదాన్ని మాత్రం పనిలేని పని అనకండి. అటకమీది మూట విప్పి, ఆ బొంత ఎవరు కుట్టారో, అందులో ఎవరెవరి చీరలున్నాయో పెద్దవాళ్ళుండగానే అడిగి తెలుసుకోండి. ఓ మూల ఆవిడ పేరు దారంతో కుట్టండి. రెండు నిమిషాల పని.

ఎందుకంటారా? నేను తీసుకున్న ఆ గిన్నెమీద నా పేరు పొడిఅక్షరాలతో సహా చెక్కించుకున్నాను. మూడు నెలలు కళ్ళు కాయలు కాచేలా కుట్టిన మా అత్తగారి పేరు ఆ బొంతమీద ఎక్కడా లేదు.