కంపెనీ ఇంటర్న్‌షిప్: అనుభవమా? ధ్రువపత్రమా?

విశాఖపట్నం: న్యాయ విద్యార్థికి కంపెనీ గుమ్మం తొక్కే అవకాశం దక్కడమే కష్టం. దక్కినా, ఫైళ్లు సర్దడంతో, నకళ్లు తీయడంతో నాలుగు వారాలూ గడిచిపోతే చేతికి మిగిలేది ధ్రువపత్రమొక్కటే. ఇంటర్న్‌షిప్ ఇలా మొక్కుబడి తంతుగా మారితే ఎక్కువగా నష్టపోయేది, సిఫారసు చేసే పెద్దలు లేని గ్రామీణ విద్యార్థే.

నిబంధన ఏం చెబుతోంది?

భారత బార్ కౌన్సిల్ 2008 నాటి న్యాయవిద్యా నిబంధనల ప్రకారం మూడేళ్ల కోర్సు విద్యార్థులు కనీసం 12 వారాలు, ఐదేళ్ల కోర్సు విద్యార్థులు 20 వారాలు ఇంటర్న్‌షిప్ పూర్తిచేయాలి. ఏ సంవత్సరంలోనూ అది ఏకబిగిన నాలుగు వారాలకు మించరాదు. న్యాయవాదులు, న్యాయస్థానాలు, స్థానిక సంస్థలతోపాటు కంపెనీలకూ ఇందులో చోటుంది. విద్యార్థి డైరీ రాయాలి. దానిని ఇంటర్న్‌షిప్ మార్గదర్శకుడు, కళాశాల అధ్యాపకుడు మదింపు చేయాలి. ఈ మదింపు నిజాయతీగా జరిగితే సగం సమస్య తీరినట్లే.

గోప్యతే అడ్డంకి

కంపెనీల అభ్యంతరం కొట్టిపారేయదగినది కాదు. నెల రోజులుండి వెళ్లిపోయే విద్యార్థికి అమలులో ఉన్న ఒప్పందాలను, వివాదాల పత్రాలను చూపేందుకు న్యాయ విభాగాలు జంకడం సహజం. అయితే గోప్యతకు హామీ పత్రం తీసుకుని, పేర్లు, మొత్తాలు చెరిపేసిన పాత ఒప్పందాలను, ముగిసిన కేసుల దస్త్రాలను అప్పగించవచ్చు. మొదటి వారం ఒప్పందంలోని లోపాలను గుర్తించడం, రెండో వారం నోటీసుకు జవాబు ముసాయిదా రాయడం, మూడో వారం కార్మిక, పర్యావరణ చట్టాల కింద సమర్పించాల్సిన రిటర్నుల పట్టిక తయారుచేయడం, చివరి వారం నివేదిక సమర్పించడం... ఇలా పని ముందే ఖరారైతే ఇరుపక్షాలకూ ప్రయోజనమే.

చెంతనే అవకాశాలు

విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయ న్యాయ కళాశాల, సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఉక్కు కర్మాగారం, ఓడరేవు, చమురుశుద్ధి కర్మాగారం, పరవాడ ఫార్మాసిటీ ఎంతో దూరం కాదు. కళాశాలలే చొరవ తీసుకుని ఇటువంటి సంస్థలతో అవగాహనకు వస్తే, విద్యార్థులు హైదరాబాద్, ముంబయి వెళ్లి అద్దె గదులకు అప్పు చేయాల్సిన అగత్యం తప్పుతుంది. ఎంపిక పరిచయాలతో కాక దరఖాస్తులతో జరగాలి. ప్రయాణ ఖర్చులైనా సంస్థ భరించడం న్యాయం.

పూర్తికాల వేతన ఉద్యోగంలో ఉన్నవారు న్యాయవాదిగా ప్రాక్టీసు చేయరాదన్నది బార్ కౌన్సిల్ నియమం. కంపెనీ కొలువా, కోర్టు మెట్లా అన్నది విద్యార్థి తేల్చుకోవాల్సిన జీవిత నిర్ణయం. ఆ నిర్ణయానికి ముందు కంపెనీ పనిని దగ్గర నుంచి చూసే వీలు ఈ నాలుగు వారాల్లోనే దొరుకుతుంది. వాటిని నకళ్లు తీసే యంత్రం పక్కన కరిగించరాదు.