పాత ట్రాక్టరు, క్రొత్త యప్పు

పంట డబ్బు చేతికందిన దినములలో పాత ట్రాక్టరుల బేరములు మన పల్లెలలో ముమ్మరమగును. పాతది కొనుట తప్పుగాదు. క్రొత్తదాని ధరలో సగమునకు దొరకిన మంచి బండి చిన్నరైతునకు మేలనియే నా యభిప్రాయము. కాని మనవారిలో పెక్కురు రంగు చూచి బండిని కొందురు. అప్పుపత్రమునైతే చూడనే చూడరు.

ఆ బండి యే నేలలో పనిచేసెనో ముందుగా విచారింపవలెను. ఏటేట దమ్ముచక్రములతో మాగాణిలో దిగిన బండికి వెనుక ఇరుసులోనికిని బ్రేకులలోనికిని బురదనీరు చేరు ప్రమాదము మెండు. మెట్టలో తిరిగిన బండి సంగతి వేఱు. గంటల మీటరును నమ్మి బేరమాడరాదు. క్లచ్చి, బ్రేకు పెడళ్ల యరుగుదల చూడుడు. తెల్లవారుజామున, ఇంజను చల్లగా నున్నప్పుడే పోవలెను. మీరు వచ్చుసరికే అది వేడెక్కియున్నచో అనుమానింపవలసినదే. నీలిపొగ వచ్చిన ఆయిలు మండుచున్నదని యర్థము. ఆయిలు పాలవలె తెల్లబడియున్న అందు నీరు కలిసినది. నల్లపొగ కొంత నయము, గాలి ఫిల్టరు మూసికొనిపోయినను అది వచ్చును. రోటవేటరును పైకెత్తి ఇంజను ఆపుడు. వెంటనే క్రిందికి జారినచో హైడ్రాలిక్కు మరమ్మతు తప్పదు. పెండ్లిచూపులకు పదిమందిని వెంటబెట్టుకొని పోవు మనము, బండి చూచుటకు ఒక మెకానిక్కునకు కూలి యిచ్చి తీసికొనిపోవుటకు వెనుదీయుదుము!

ఇక అప్పు. 3,00,000 రూపాయలు మూడేండ్లకు, నూటికి పది వడ్డీ యని చెప్పుదురు. అది ఫ్లాటు వడ్డీయైనచో, అసలు తీరుచున్నను మొదటి మొత్తముపైననే లెక్క. వడ్డీ 90,000, నెలవాయిదా 10,833. అదే పది వడ్డీని తరుగుచున్న అసలుపై కట్టిన వాయిదా 9,680. మొత్తము వడ్డీ సుమారు 48,500 మాత్రమే. అనగా ఫ్లాటు పది నిజమునకు ఇంచుమించు పదునెనిమిది. వ్యక్తులకిచ్చు రిటైలు ఋణములలో ఏడాదికి పడు నిజమైన రేటును తెలుపు పత్రమును బ్యాంకులును ఫైనాన్సు కంపెనీలును ఇయ్యవలెనని రిజర్వు బ్యాంకు 2024 అక్టోబరు 1 నుండి నిర్బంధించినది. సంతకమునకు ముందు దానిని అడిగి తీసికొని, చదువు వచ్చిన బిడ్డచేత చదివించుకొనుడు.

నెలవాయిదా జీతగానికి తగును. రైతునకు పంటవాయిదా కావలెను. సహకార ఋణమునకు కాలయాపన మెండని కొందఱందురు. కొన్నిచోట్ల అది నిజమే. దానిని సర్వసభ్య సమావేశమున గట్టిగా అడుగవలెను గాని, భూమి కాగితములు పట్టుకొని ఫ్లాటు వడ్డీవారి గుమ్మమెక్కరాదు.

ఛాసిస్, ఇంజను సంఖ్యలను రిజిస్ట్రేషను పత్రముతో సరిచూడుడు. దానిపై పాత ఫైనాన్సు నమోదై యున్నచో, ఫారము 35తో అది రద్దగువఱకు పూర్తి సొమ్ము ఇయ్యకుడు. ఫారములు 29, 30పై సంతకములు బేరమునాడే పుచ్చుకొనుడు. బీమాను 14 దినములలోపల మీ పేర మార్పించుకొనుటకు దరఖాస్తు పెట్టుడు.

ఐదెకరముల రైతు ఒంటరిగా కొనుట మాత్రము నాకు సమ్మతము గాదు. అద్దెకు దున్నించుకొనుట చౌక. ముగ్గురు నలుగురు కలిసి కొనదలచినచో, దుక్కి వరుస యెవరిది, డీజిలు ఎవరిది, మరమ్మతు ఖర్చెట్లు పంచుకొందురు అనునవి ముందుగానే వ్రాసికొనవలెను. బండి సాధారణముగా ఒకరి పేరనే నమోదగును గనుక, ఆ కాగితము అన్నదమ్ముల మధ్యనైనను ఉండవలసినదే.