ఆ అరుపు వెనుక పదిహేనేళ్ల సాధన

గత నెల తల్లిదండ్రుల సమావేశం ముగిశాక ఒక తండ్రి నా బల్ల ముందే నిలబడిపోయారు. తెల్లవారుజామున బంగారుపేటలో రైలెక్కి బెంగళూరులో పనికి వెళ్లే మనిషి. తొమ్మిదో తరగతి చదివే కొడుకు ఫోన్ నా చేతిలో పెట్టి, "ఇది వినండి మేష్ట్రూ, ఇది పాటా, అరుపా? వీణ్ని చెడగొడుతున్నది ఇదే" అన్నారు. పిల్లవాడు తల దించుకున్నాడు.

విన్నాను. నాకూ అరుపులాగే ఉంది. కానీ ఇంటికి వెళ్లి ఆ పాడేవాళ్ల గురించి చదివాక, ఫోన్ లాక్కోమని ఆ తండ్రికి చెప్పలేకపోయాను. కారణం తోటి ఉపాధ్యాయులతో, తల్లిదండ్రులతో పంచుకోవాలనిపించింది.

ఆ బృందం పేరు బ్రింగ్ మీ ది హొరైజన్. వాళ్లది ఇంగ్లండులోని షెఫీల్డ్. ఉక్కుకు పేరుపడ్డ ఊరు. 1980లలో ఆ పరిశ్రమ దెబ్బతిని వేలమంది పని పోగొట్టుకున్నారు. 2001లో గనులు మూతపడ్డ కేజీఎఫ్ పక్కన బతుకుతున్న మనకు అలాంటి ఊరి సంగతి వేరే చెప్పనక్కర్లేదు. 2004లో అక్కడి కుర్రాళ్లు కొందరు ఈ బృందం కట్టారు. పాడే ఆలివర్ సైక్స్‌కు అప్పటికి పద్దెనిమిదేళ్లు నిండలేదు. వాళ్లు పట్టుకున్న బాణీని మెటల్‌కోర్ అంటారు. గిటార్ల హోరు, డ్రమ్ముల వేగం, గొంతు చించుకునే అరుపు, నడుమ నడుమ మెల్లని రాగం.

2006లో మొదటి ఆల్బమ్ వచ్చినప్పుడు మెటల్ అభిమానుల్లోనే చాలామంది వాళ్లను వెక్కిరించారు. వాళ్లు మానలేదు. ఆల్బమ్ ఆల్బమ్‌కూ బాణీ మార్చుకుంటూ, కొత్తవి నేర్చుకుంటూ పోయారు. 2016లో లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో పెద్ద వాద్యబృందంతో కలిసి, క్యాన్సర్ బారిన పడ్డ యువతకు సాయంగా కచేరీ చేశారు. 2019లో వాళ్ల ఆరో ఆల్బమ్ బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. బృందం కట్టిన పదిహేనేళ్లకు! ఒక్క పరీక్ష తప్పితే బతుకే పోయిందని ఏడ్చే పిల్లలకు ఇది చెప్పదగ్గ పాఠం కాదా?

దాచకూడని సంగతీ ఉంది. సైక్స్ మత్తుమందుకు బానిసై చికిత్స తీసుకున్నాడు. 2014లో ఆ మాట ఒక అవార్డుల వేదిక మీద తానే చెప్పుకున్నాడు. ఈ సంగతి పిల్లవాడికి మనం కూర్చోబెట్టి చెప్పాలి. ఫోన్ లాక్కుంటే ఆ మాట మాట్లాడే అవకాశం కూడా పోతుంది.

మర్నాడు ఆ పిల్లవాణ్ని పిలిచి మాట్లాడాను. నోట్‌బుక్ తెచ్చి చూపించాడు. తాను రాసుకున్న పాటలు. అన్నీ ఇంగ్లీషులో, నిండా తప్పులతో. "తెలుగులో ఎందుకు రాయలేదురా?" అన్నాను. "ఇలాంటివి తెలుగులో ఉండవు కదా సార్" అన్నాడు.

ఆ హోరు నన్ను బాధపెట్టలేదు, ఈ మాట బాధపెట్టింది. తెలుగు అంటే పద్యం అప్పజెప్పడానికీ, మార్కులు తెచ్చుకోవడానికీ మాత్రమే అని వాడికి నేర్పింది ఎవరు? మనమే. కోపం వచ్చినా, దిగులు పుట్టినా చెప్పుకోవడానికి వాడు పరాయి మాటలు వెతుక్కుంటున్నాడు. వాణ్ని తప్పుపట్టలేను. హైదరాబాద్‌లో పుట్టి 2021లో ఆల్బమ్ తెచ్చిన గాడ్‌లెస్ అనే మెటల్ బృందం కూడా పాడేది ఇంగ్లీషులోనే.

అయితే ఢిల్లీకి చెందిన బ్లడీవుడ్‌ను చూడండి. హిందీ, పంజాబీ, ఇంగ్లీషు కలిపి, డోలు, వేణువు జోడించి మెటల్ పాడతారు. 2019లో జర్మనీలో జరిగే వాకెన్ మెటల్ ఉత్సవంలో పాడారు. భాష తెలియని జనం కూడా వాళ్లతో కలిసి ఎగిరారు. సొంత భాష వాళ్ల కాళ్లకు బంధం కాలేదు.

మనకు మాత్రం హోరు కొత్తా? గంగమ్మ జాతరలో పలకలు మోగితే మన ఊళ్లో కదలని కాలు ఉంటుందా? పిల్లవాడి డ్రమ్ములు చెవులు చిల్లులు పొడుస్తున్నాయనే మనమే ఆ రోజు ముందు వరసలో ఎగురుతాం.

మన బడులకు నాది ఒకటే మనవి. శనివారం ఒక పీరియడ్ పిల్లల పాటలకు వదలండి. ఏ బాణీ అయినా సరే, మాటలు మాత్రం వాళ్లు సొంతంగా తెలుగులో రాసుకోవాలి. తప్పులుంటే తర్వాత దిద్దుదాం. మా బడిలో వచ్చే శనివారమే మొదలుపెడుతున్నాం. ఆ తండ్రిని కూడా రమ్మన్నాను. రైలు వేళకు అందితే వస్తానన్నారు.