బస్తర్‌లో గుండె లయ యంత్రం: మణికట్టు దాకా సరే, మందు దాకా ఎలా?

బస్తర్ పేరు వార్తల్లో వినిపించినప్పుడల్లా ఎదురుకాల్పులో, లొంగుబాట్లో గుర్తుకు రావడం దశాబ్దాలుగా అలవాటైపోయింది. మావోయిస్టు సమస్యను అంతం చేయడానికి 2026 మార్చి 31ని కేంద్ర ప్రభుత్వం గడువుగా ప్రకటించిన తరువాత ఆ ప్రాంతం గురించి వేరే ప్రశ్నలు అడిగే వీలు కలిగింది. రహదారి, సెల్ టవరు లోపలి గ్రామాలకు చేరుతున్నకొద్దీ వాటి వెంటే స్మార్ట్‌ఫోన్, దాని వెంటే ఫోన్‌తో పనిచేసే వైద్య పరికరాలు వస్తాయి. ఒంటికి తగిలించుకుని ఇంటివద్దే గుండె లయను నమోదు చేసుకునే పరికరాలు వీటిలో ముఖ్యమైనవి. నగరవాసికి ఇది ఆరోగ్యంపై అదనపు జాగ్రత్త. గుండె వైద్య నిపుణుడిని చూడాలంటే రాత్రంతా ప్రయాణం చేయవలసిన బస్తర్ వాసికి దీని అర్థం పూర్తిగా వేరు.

ఈ పరికరాల చరిత్ర చిన్నదేమీ కాదు. అమెరికాలోని మోంటానా రాష్ట్రానికి చెందిన నార్మన్ హోల్టర్ 1940ల చివర రూపొందించిన తొలి యంత్రం బరువు దాదాపు 38 కిలోలు. దానిని వీపున మోస్తూ తిరిగితే గుండె విద్యుత్ సంకేతాలు రేడియో ద్వారా అందేవి. నేడు ఆసుపత్రుల్లో ఛాతీకి తీగలు అతికించి 24 గంటలు ఉంచే చిన్న పెట్టెకు ఆయన పేరే నిలిచింది. ఆ తరువాత ఛాతీపై రెండు వారాల వరకు అతికి ఉండే ప్యాచ్‌లు వచ్చాయి. రెండు చేతుల వేళ్లు ఆనిస్తే 30 సెకన్లలో ఈసీజీ గీసే కార్డియా పరికరానికి 2012లో అమెరికా అనుమతి లభించింది. ఆపిల్ గడియారంలోని ఈసీజీ సదుపాయం 2019లో భారత్‌కు చేరింది. దెహ్రాదూన్‌కు చెందిన సన్‌ఫాక్స్ సంస్థ స్పందన్ పేరిట ఫోన్‌కు తగిలించే ఈసీజీ పరికరాన్ని తయారుచేస్తోంది.

వీటన్నిటినీ ఒకే గాటన కట్టడం పొరపాటు. ఎక్కువ గడియారాలు చర్మంపై కాంతిని ప్రసరింపజేసి రక్తనాళాల్లో వచ్చే మార్పును బట్టి నాడిని లెక్కిస్తాయి. నాడి క్రమం తప్పిందని హెచ్చరించడం వరకే వాటి పని. చేయి కదిలినా, పట్టీ వదులైనా లెక్క తప్పుతుంది. నల్లని చర్మం గలవారిలో రక్తంలోని ప్రాణవాయువు పడిపోయినా వేలికి తొడిగే ఆక్సీమీటర్లు తెల్లవారిలో కంటే దాదాపు మూడింతలు ఎక్కువసార్లు గుర్తించలేకపోతున్నాయని 2020లో అమెరికా పరిశోధకులు వెల్లడించారు. అదీ కాంతి ఆధారిత సాధనమే. ఈసీజీ గుండె విద్యుత్తునే నమోదు చేస్తుంది కనుక చర్మపు రంగుతో దానికి నిమిత్తం లేదు. బస్తర్‌కు ఏదైనా పరికరం కొనదలచిన అధికారులు మొదట గమనించవలసిన తేడా ఇదే.

ఈ పరికరాలు ప్రధానంగా వెదికేది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ దోషాన్ని. గుండె పై గదులు క్రమబద్ధంగా ముడుచుకోవడానికి బదులు అదురుతూ ఉండిపోతాయి. అక్కడ నిలిచిన రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఈ దోషం ఉన్నవారికి పక్షవాతం ముప్పు మామూలు కంటే దాదాపు ఐదింతలని, రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ కవాటం మూసుకుపోయి ఉంటే 17 రెట్ల వరకు ఉంటుందని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం ఏనాడో తేల్చింది. చిక్కేమిటంటే ఈ దోషం చాలామందిలో వచ్చిపోతూ ఉంటుంది. ఆసుపత్రిలో పది సెకన్లపాటు తీసే ఈసీజీకి అది చిక్కకపోవచ్చు. ఇంట్లో రోజుల తరబడి నమోదు చేయవలసిన అవసరం అందుకే ఏర్పడింది.

అయితే దోషాన్ని కనిపెట్టినంత మాత్రాన ప్రాణాలు నిలుస్తాయా? ఆపిల్ సంస్థ నిధులతో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 4,19,297 మందిపై నిర్వహించిన పరిశీలన ఫలితాలు 2019లో వెలువడ్డాయి. గడియారం హెచ్చరిక అందుకున్నవారు 0.52 శాతం. వారిలో ప్యాచ్ ధరించి తిరిగి పంపిన 450 మందిలో 34 శాతానికే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ నిర్ధారణ అయింది. డెన్మార్క్‌లో 70 ఏళ్లు దాటిన 6,004 మందితో జరిపిన లూప్ అధ్యయనం మరింత ఆలోచింపజేస్తుంది. చర్మం కింద పరికరం అమర్చినవారిలో 31.8 శాతం మందికి, మామూలు వైద్యం పొందినవారిలో 12.2 శాతం మందికి లయ దోషం బయటపడింది. అంత తేడా ఉన్నా, పక్షవాతం లేదా రక్తపు గడ్డల ఘటనలు వరుసగా 4.5 శాతం, 5.6 శాతం. గణాంకాల లెక్కలో ఆ వ్యత్యాసం నిర్ణయాత్మకం కాలేదు. స్వీడన్‌లో 75, 76 ఏళ్ల వృద్ధులు రెండు వారాలపాటు ఇంట్లోనే ఈసీజీ తీసుకున్న స్ట్రోక్‌స్టాప్ అధ్యయనంలో ప్రయోజనం కనిపించినా అది స్వల్పమే.

ఈ అంకెలు చూపి బస్తర్‌కు ఇలాంటివి అనవసరమని కొట్టిపారేయడం తొందరపాటు. అవి సంపన్న దేశాల వృద్ధుల లెక్కలు. మన రోగి వేరు. 2011-12లో 24 కేంద్రాల నుంచి 1,537 మంది వివరాలు సేకరించిన భారతీయ ఏట్రియల్ ఫిబ్రిలేషన్ రిజిస్ట్రీలో రోగుల సగటు వయసు 55 ఏళ్లకు లోపే. వారిలో దాదాపు సగం మందికి మూలకారణం రుమాటిక్ కవాట వ్యాధి. చిన్ననాడు వచ్చిన గొంతునొప్పికి సరైన మందు పడక, ఆపై రుమాటిక్ జ్వరం సోకి, కవాటాలు దెబ్బతిని, యౌవనంలోనే లయ తప్పే గుండె ఇది. ఇరుకైన ఇళ్లు, పోషకాహార లోపం, అందుబాటులో లేని ప్రాథమిక వైద్యం దానికి దోహదం చేస్తాయి. గ్రామాల్లో గుర్తింపునకు నోచుకోని రోగుల సంగతికి గుజరాత్‌లోని ఆనంద్ జిల్లా ఒక సూచన ఇస్తుంది. 2015లో అక్కడి ఆరు గ్రామాల్లో 50 ఏళ్లు దాటిన 354 మందిని చేతి పరికరాలతో పరీక్షిస్తే దాదాపు 5 శాతం మందిలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కనిపించింది. నమూనా చిన్నదే. తేలికగా తీసుకోదగిన సంఖ్య మాత్రం కాదు.

ఇక్కడే బస్తర్ భౌగోళిక స్వరూపం అడ్డు తగులుతుంది. అవిభక్త బస్తర్ విస్తీర్ణం దాదాపు 39 వేల చదరపు కిలోమీటర్లు, కేరళ రాష్ట్రమంత. నేడది ఏడు జిల్లాలుగా ఉంది. జగదల్‌పూర్‌లో 2006లో ఏర్పడిన ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. అక్కడ తేలనిదానికి రాయ్‌పూర్‌లోని అంబేడ్కర్ ఆసుపత్రికో ఎయిమ్స్‌కో వెళ్లాలంటే కేశ్‌కాల్ ఘాట్ దిగి దాదాపు 300 కిలోమీటర్లు పోవాలి. దక్షిణాన ఉన్నవారి దారి వేరు. శబరి ఒడ్డున ఉన్న కోంటా వాసులకు జగదల్‌పూర్ కంటే భద్రాచలం దగ్గర. భోపాల్‌పట్నం నుంచి జాతీయ రహదారి తిన్నగా ఏటూరునాగారం, వరంగల్ మీదుగా హైదరాబాద్ చేరుతుంది. కిరందుల్ రైలు మార్గం వెంట ఉన్నవారు విశాఖ కేజీహెచ్‌కు వస్తారు. సుక్మా, బీజాపూర్ జిల్లాల గుండె జబ్బుల భారంలో కొంత ఇప్పటికే తెలుగు రాష్ట్రాల ఆసుపత్రులు మోస్తున్నాయి. ఈ వ్యవహారాన్ని కేవలం ఛత్తీస్‌గఢ్ సొంత విషయంగా చూడలేకపోవడానికి కారణం ఇదే.

24 గంటల హోల్టర్ పరీక్షను ఈ దూరాలతో కలిపి చూడండి. పెట్టె తగిలించుకోవడానికి ఒకరోజు, తిరిగి ఇవ్వడానికి మరోరోజు రావాలి. లేదా రోగి, తోడు వచ్చినవారు పట్నంలో రాత్రి గడపాలి. రెండు రోజుల కూలి పోతుంది. విప్పపూలు ఏరే కాలంలోనో, తునికాకు కోతల్లోనో అయితే ఏడాది ఆదాయంలో పెద్ద భాగమే కోల్పోవాలి. అంత కష్టపడినా ఆ ఒక్కరోజు గుండె సక్రమంగా కొట్టుకుంటే ఫలితం శూన్యం. రెండు వారాల ప్యాచ్ అయితే ఒక రాకలో అతికించి, తిరిగి చూపించుకోవడానికి వచ్చినప్పుడే తీసుకోవచ్చు. ఒక ప్రయాణం మిగులుతుంది. నగరంలో సౌకర్యంగా కనిపించేది ఇక్కడ వైద్యం అందడానికీ అందకపోవడానికీ మధ్య తేడా అవుతుంది.

ఇంట్లో వాడకానికి సంబంధించిన సూచనలు కూడా నగర జీవితాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవే. ప్యాచ్ అతికే చోట చర్మం శుభ్రంగా, పొడిగా ఉండాలి. మొదటి రోజు చెమట పట్టే పని చేయరాదంటారు. వేసవి ఎండలో అడవికి పోయే మనిషికి ఆ మాట చెప్పేముందు ఏ నెలలో చెబుతున్నామో చూసుకోవాలి. వేళ్లతో తీసే ఈసీజీకి కొద్ది నిమిషాలు కూర్చుని, చేతులు ఒడిలోనో బల్లపైనో ఆనించి, కదలకుండా, మాట్లాడకుండా 30 సెకన్లు ఉండాలి. వేళ్లు మరీ ఎండి మొరటుగా ఉంటే కాస్త తడి చేయాలి. గుండె దడ వచ్చిన వేళ, అప్పుడు చేస్తున్న పని పుస్తకంలో రాయమని ఆసుపత్రులు ఒక కాగితం ఇస్తాయి. గోండీ, హల్బీ, దోర్లీ మాట్లాడే ఇంట్లో హిందీ కాగితం ఎవరు నింపాలి? దడ వచ్చినప్పుడు నొక్కే మీట ఉన్న పరికరం అయితే ఆ సమయాన్ని తానే గుర్తుపెట్టుకుంటుంది. కొనుగోలు నిబంధనల్లో ఈ మీటను తప్పనిసరి చేయడం ధరలో చిన్న తేడా, వాడకంలో పెద్ద తేడా.

మరొక ప్రమాదం గురించి గట్టిగానే చెప్పాలి. గడియారంలోని ఒంటి తీగ ఈసీజీ గుండెపోటును పట్టలేదు. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట ఉన్నవారు తెరపై ‘లయ సాధారణం’ అన్న మాట చూసి ఇంట్లో ఆగిపోతే ప్రాణం మీదికి వస్తుంది. వారికి కావలసింది 12 లీడ్ల ఈసీజీ, గడ్డను కరిగించే ఇంజెక్షన్, 108 వాహనం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో 2023లో చేపట్టిన స్టెమి కార్యక్రమం ఇలాంటి వరుసనే ఏర్పరచింది. చిన్న ఆసుపత్రిలో ఈసీజీ తీస్తారు, దూరాన ఉన్న పెద్దాసుపత్రి నిపుణుడు చదువుతాడు, ఇంజెక్షన్ అక్కడికక్కడే ఇస్తారు. అక్కడ పనిచేస్తున్నది యంత్రం ఒక్కటే కాదు. చదివేవాడు, మందు, ఇచ్చేవాడు ముందే కుదిరి ఉన్నారు.

బస్తర్‌లో చదివేవాడి దాకా సంకేతాన్ని చేర్చే మనుషులకు కొదవ లేదు. ఆశా కార్యకర్తల పథకం దేశానికి రాకముందే, 2002లోనే, ఛత్తీస్‌గఢ్ మితానిన్లను నియమించింది. 2020లో ప్రారంభమైన మలేరియా రహిత బస్తర్ ఉద్యమంలో ఇంటింటికీ వెళ్లి రక్తపరీక్షలు చేసినవారిలో వారూ ఉన్నారు. వారపు సంతలకే వైద్య బృందాన్ని పంపే హాట్ బజార్ క్లినిక్ పథకం 2019 అక్టోబరు 2న మొదలైంది. ఉప్పు, చింతపండు, కోళ్ల కోసం వచ్చే జనానికి అక్కడే 30 సెకన్ల ఈసీజీ తీయడం అసాధ్యమేమీ కాదు. అయినా సంతకు వచ్చినవారందరికీ తీయాలన్న ఉత్సాహం పనికిరాదు. గడియార పరిశీలనల్లో చూసినట్లు, హెచ్చరిక వచ్చినవారిలో చాలామందికి తరువాత ఏమీ తేలదు. వారందరినీ జగదల్‌పూర్ పరుగెత్తిస్తే రెండోసారి ఎవరూ ఆ పరికరాన్ని ముట్టుకోరు. దడ, ఆయాసం, స్పృహ తప్పడం ఉన్నవారు, పక్షవాతం వచ్చి కోలుకున్నవారు, రుమాటిక్ కవాట వ్యాధి ఇదివరకే తేలినవారు, అధిక రక్తపోటుకు మందు వాడుతున్న వృద్ధులు: మొదట వీరికి చాలు. మితానిన్ మూడు వేళ్లతో మణికట్టు నాడి పట్టి లయ తప్పిందో లేదో చూడటం నేర్చుకుంటే పరికరం ఎవరికి ఇవ్వాలో ఖర్చు లేకుండానే తేలుతుంది.

ఖర్చు ఎవరిదన్నది ఇంకా తేలని ప్రశ్న. ఆయుష్మాన్ భారత్ బీమా ఆసుపత్రిలో చేరినవారికే వర్తిస్తుంది. ఇంటికి తీసుకెళ్లే ప్యాచ్‌కు, నెలనెలా మింగే మాత్రకు అది డబ్బు ఇవ్వదు. అందుచేత పరికరాన్ని కుటుంబం కొనేదిగా కాక, జిల్లా ఆసుపత్రి ఎరువిచ్చి తిరిగి తీసుకునేదిగా ఉంచడమే సబబు. అంతర్జాలంలో దొరికే ప్రతి పట్టీ వైద్య పరికరం కాదు. 2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధాల చట్టం కిందికి వచ్చాయి కనుక కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ గుర్తింపు చూసే కొనాలి. అడవి గ్రామంలోని వ్యక్తి గుండె రేఖ ఏ సంస్థ సర్వర్‌లో నిలుస్తుందో కూడా 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక అడగదగిన ప్రశ్నే.

అన్నిటికంటే కఠినమైన మెట్టు దోషం తేలిన తరువాత వస్తుంది. ఎకో తీసి మైట్రల్ కవాటం పరిస్థితి చూడాలి. కవాటం మూసుకుపోయి ఉంటే రక్తం గడ్డకట్టకుండా ఏ మందు ఇవ్వాలన్న దానిపై 2022లో వెలువడిన ఇన్విక్టస్ అధ్యయనం స్పష్టత ఇచ్చింది. రుమాటిక్ రోగులైన 4,500 మందికి పైగా పాల్గొన్న ఆ అధ్యయనంలో, తరచూ పరీక్షలు అవసరం లేని కొత్త మందు రివరోక్సబాన్ కంటే పాత వార్ఫరిన్ తరహా మందులే మెరుగని, వాటితో మరణాలు తక్కువని తేలింది. నగరంలో సులువైన మందు ఇక్కడ పనికిరాదు. వార్ఫరిన్ చౌక. కానీ ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష మొదట్లో తరచుగా, తరువాత నెలకోసారి అయినా చేయించుకోవాలి. మోతాదు తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం. గర్భం దాల్చిన తొలి నెలల్లో అది శిశువుకు హానికరం కనుక యువతులకు ముందే చెప్పి తీరాలి.

ఆకుకూరల్లోని కె విటమిన్ వార్ఫరిన్ పనికి ఎదురు పనిచేస్తుంది. బస్తర్ పళ్లెంలో ఆకుకూర లేని పూట అరుదు. తెలుగునాట తగిరిసగా తెలిసిన చరోటా వానకాలంలో విరివిగా దొరుకుతుంది, వేసవిలో ఆ సమృద్ధి ఉండదు. ఆకుకూరలు మానమని చెప్పడం అన్యాయం, అనవసరం కూడా. ఋతువు మారినప్పుడు పరీక్ష చేసి మోతాదు సరిచేస్తే సరిపోతుంది. వేలి చివర నుంచి తీసిన ఒక్క చుక్కతో నిమిషాల్లో ఐఎన్ఆర్ చెప్పే చిన్న యంత్రాలు ఇప్పుడు ఉన్నాయి. మలేరియా పరీక్ష కోసం వేలికి సూది గుచ్చించుకోవడం బస్తర్ పల్లెల్లో కొత్త కాదు. సంతకు వెళ్లే వైద్య బృందం సంచిలో ఈసీజీ పరికరం పెట్టే రోజునే ఆ యంత్రాన్నీ, దాని పట్టీలనూ, వార్ఫరిన్ మాత్రలనూ పెట్టడానికి జిల్లా ఆరోగ్య శాఖలు నిధులు కేటాయించవలసి ఉంటుంది.