స్వదేశి బాటరి, పరదేశి తోడు

పాలెన్ని యున్నను చుక్కెడు తోడు లేనిదే పెరుగు కాదని మన యిండ్లలో పసిపిల్లకును దెలియును. పొరుగింట తోడు బదులు తెచ్చుకొనుట నేరము కాదు. కాని పొరుగువారు తలుపు మూసిననాడు కుండెడు పాలును విరిగిపోవునని యెఱిగియు, తనయింట తోడు నిలుపుకొననివారిని లోకమేమనును? లిథియము బాటరీల విషయమున మన ప్రభుత్వములు నడపుచున్న సంసారమిట్టిదే.

సెల్ఫోను మొదలు విద్యుత్తుతో నడచు బండివఱకు నేడు ఈ బాటరీ లేనిదే కదలదు. 1991లో జపానునందలి సోనీ సంస్థవారు దీనిని విపణికి దెచ్చిరి. ఇందుకు మూలమైన పరిశోధన చేసిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో పండితులకు 2019లో నోబెలు బహుమానము లభించెను. ఇంతవఱకు చదువరులెఱిగినదే. అంతగా ప్రచారమునకు రానిది మఱియొకటి కలదు. బాటరీలో ఒకవంక గ్రాఫైటు, ఒకవంక లోహసమ్మేళనము, నడుమ లిథియపు లవణము కరగిన ద్రవము ఉండును. తొలిసారి విద్యుత్తు నింపునపుడు ఆ ద్రవము గ్రాఫైటును తాకినచోట కొంత చెడి, దానిపై పలుచని పొరగా పేరుకొనును. పొర చక్కగా కుదిరినచో బాటరీ వేయిమార్లు నింపినను పనిచేయును. కుదరనిచో కొలదికాలమునకే పనికిమాలి పోవును. ఆ పొరను కుదుర్చుటకై ద్రవమున కలుపునవే వినైలీను కార్బొనేటు, ఫ్లోరోఎథిలీను కార్బొనేటు మొదలగు ద్రవ్యములు. ఇవి ద్రవముకంటె ముందుగా తామే చెడి, పొరగా మారి, తక్కినదానిని కాపాడును. సాధారణముగా నూటికి ఒకటి మొదలు ఐదు పాళ్లు చాలును. తోడు అని మేమనుచున్నది దీనినే. లోకమున నిది అధికభాగము చీనాదేశముననే తయారగుచున్నది.

మన తెలుగునాట పాలకు కొదవలేదు. 2022లో తిరుపతియందు మునోత్ సంస్థవారు లిథియము సెల్లుల తయారీకి పూనుకొనిరి. 2023 మేనెలలో మహబూబునగరము చెంత దివిటిపల్లిలో అమరరాజావారు తమ మహాకర్మాగారమునకు శంకుస్థాపన గావించిరి. ఢిల్లీ ప్రభుత్వమువారు 2021లోనే 18,100 కోట్ల రూపాయల ప్రోత్సాహకపథక మొకటి ప్రకటించి, సొమ్ము పుచ్చుకొనువారు రెండేండ్లలో నూటికి 25 పాళ్లును, ఐదేండ్లలో 60 పాళ్లును విలువ ఈ దేశముననే చేర్చవలెనని నిబంధన విధించిరి. చెవికింపైన నిబంధనయే. కాని చదువరులారా, ఆ 60 పాళ్లు కొలుచునది రూపాయలలో! సెల్లు వెలలో ద్రవమంతయు కలిపినను చిన్న భాగము. అందులో తోడు ఇంకెంత? తోడంతయు చీనానుండి దిగుమతి చేసికొని, డబ్బాలు, తీగలు, కూలి, కడ్డీలు లెక్కగట్టి 60 పాళ్లు చూపుట కష్టము కాదు. సొమ్ము ముట్టును, స్వదేశి ముద్ర పడును, ప్రాణము మాత్రము పరాయిచేతిలో నుండును. ఇంగువకూడ కాబూలునుండియే వచ్చుచున్నది గదా, చారు కాచుకొనుట మానితిమా యని పరిహసించువారు కలరు. ఇంగువ లేని చారు చారే. తోడు లేని పాలు పెరుగు కాదు.

ఇది ఊహాభయమనువారు 2025వ సంవత్సరమును తలచుకొందురు గాక. ఆ యేడు జులైలో బాటరీ ద్రవ్యముల తయారీవిద్యను అనుజ్ఞ లేనిదే దేశము దాటనీయమని చీనా ప్రభుత్వము ఆంక్ష విధించెను. అక్టోబరు 9వ తేదీని మఱియొక ప్రకటన వెలువడెను: మేలిరకపు సెల్లులు, గ్రాఫైటు మొదలగునవి నవంబరు 8 మొదలు అనుజ్ఞ లేనిదే ఎగుమతి కారాదట! పిదప అమెరికాతో రాజీ కుదిరి ఆ యుత్తరువు ఒక యేడు నిలిపివేయబడెను. రెండు పెద్ద దేశముల బేరసారములలో మన కర్మాగారముల భవిష్యత్తు ఒకమారు మూసి, ఒకమారు తెఱవబడినది. మనలను అడిగినవారు లేరు. ఆనాడు గ్రాఫైటైనది మఱియొకనాడు తోడు కారాదా?

ఇక మన ముంగిటికి వత్తము. కాయస్థ అంబదేవుని కాలమున రాజధానియై వెలసిన మన వల్లూరునకు కడప పొలిమేరలోని కొప్పర్తి దూరము కాదు. 2021 డిసెంబరులో అచ్చట ఎలక్ట్రానిక్సు వాడను ప్రారంభించిరి. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము 2,596 ఎకరములలో 2,137 కోట్లతో పారిశ్రామిక కేంద్రమును మంజూరు చేసినది. సంతోషమే. కాని కడపజిల్లావారము శంకుస్థాపనలు చాల చూచితిమి. జమ్మలమడుగు ప్రాంతపు ఉక్కు కర్మాగారమునకు 2007, 2018, 2019, 2023 సంవత్సరములలో రాళ్లు పడినవి. ఆ రాళ్లన్నియు చేర్చిన ఒక చిన్న ప్రహరి లేచును! ఒకనాటి మన జిల్లాలోని మంగంపేట ముగ్గురాయి పొడియై ఓడలెక్కి పోవుటయు చూచితిమి. కొప్పర్తికిని, పైనుండి వచ్చిన భాగములకు మరలు బిగించు పనియే వ్రాసిపెట్టియున్నదా? గుజరాతునందు కొందఱు లవణమునకును ద్రవమునకును పూనుకొని, అందొకరు 2023లో జపానువారినుండి విద్య కొనితెచ్చుకొనిరి. యోగివేమన విశ్వవిద్యాలయమును, ఇడుపులపాయ విద్యాలయమును గల జిల్లాకు ఆ విద్య అందరానిదా?

విషపు పరిశ్రమను పిలిచి నెత్తికెత్తుకొందుమా యను ప్రశ్న న్యాయమైనది. దానిని దాటవేయము. వినైలీను కార్బొనేటు తయారీలో క్లోరిను వాడుదురు; పిదప మిగులు లవణపు వ్యర్థము కొంచెము కాదు. లిథియపు లవణమునకు తేమ తగిలిన చర్మమును, ఎముకను తినివేయు ఆమ్లము పుట్టును. పులివెందుల చెంత తుమ్మలపల్లి యురేనియపు మిల్లు చరిత్ర మనకు క్రొత్త కాదు. అచ్చటి వ్యర్థపు చెఱువువలన తమ బావులు చెడినవని గ్రామస్థులు మొఱవెట్టిరి. 2018లో కాలుష్యనియంత్రణ మండలి ఆ చెఱువు అడుగుపొర విషయమై నోటీసు నిచ్చినది. సంస్థవారు దోషము లేదనిరి. ఆ వివాదమున నెవరు గెలిచినను, బావినీరు త్రాగవలసినవారు గ్రామస్థులే. పాపఘ్ని పెన్నలో కలియును; పెన్న పుష్పగిరి పాదముల నొరసికొని పాఱును. కావున మా కోరిక రెండు కాళ్లపై నిలుచునది. తోడు ఇచ్చటనే తయారు కావలెను. కర్మాగారపు పునాదికంటె ముందు వ్యర్థజలమును శుద్ధిచేయు యంత్రము నిలువవలెను. బావుల పరీక్షాఫలితములు నెలనెలా తెలుగున పంచాయతీ గోడమీద అంటింపబడవలెను. కంపెనీ లెక్కలు కంపెనీ పెట్టెలో దాచుకొను పద్ధతి ఇచ్చట చెల్లదు.

రాబోవు శాసనసభా సమావేశమున మన జిల్లా ప్రతినిధులు రెండే ప్రశ్నలు వేయుదురని ఆశించుచున్నాము. కొప్పర్తికి పిలువదలచిన పరిశ్రమల పట్టికలో బాటరీ ద్రవము, దాని తోడు కలవా? ప్రోత్సాహకపు నిబంధనలో రూపాయల లెక్కకు తోడుగా, దిగుమతి ద్రవ్యముల పేరుపేరున లెక్క చేర్చుడని రాష్ట్రప్రభుత్వము ఢిల్లీకి వ్రాసినదా? మంత్రివర్యుల సమాధానము ఎట్లున్నను, ఒక్క యక్షరము మార్పక ఈ పుటయందే ప్రకటింతుము.